ఆర్టిచోక్: కొనుక్కోవాలా, పెంచాలా? పెంచితే ఏ రకం, ఎక్కడ?

క్యాలిఫోర్నియాలోని మా ఫ్రీమాంట్ ఇంట్లో పెరడంటే వెనక గుమ్మానికీ కంచెకీ మధ్య మిగిలిన కాస్త నేల. గోంగూర, బెండ, పందిరి మీద బీర, ఇంటిగోడ పక్కన కరివేపాకు కుండీ. వీటి మధ్యలోకి కొన్నేళ్ళ కిందట ఒక ఆర్టిచోక్ మొక్కను తెచ్చి పెట్టాను. మూడేళ్ళు మూడు రకాల తప్పులు చేశాక గానీ దాని స్వభావం తెలియలేదు. ఇప్పుడు మా వీధిలో వాళ్ళు, డాలస్‌లో ఉన్న మా వదిన, న్యూజెర్సీలో ఉన్న స్నేహితులు "ఏ రకం వెయ్యమంటారు, విత్తనమా, మొక్కా?" అని అడుగుతుంటారు. నేను తిరిగి అడిగే ప్రశ్న ఒకటే: మీ ఊళ్ళో చలికాలం ఎలా ఉంటుంది? రకం సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఎందుకంటే మనం తినేది ఈ మొక్క కాయను కాదు, విచ్చుకోని మొగ్గను. తెలంగాణలో కుసుమ చేను చూసినవాళ్ళకు ఆ ముళ్ళ ఆకులు, మొగ్గ చుట్టూ పొలుసుల్లాంటి రేకులు గుర్తుండే ఉంటాయి. ఆర్టిచోక్ దానికి దగ్గరి చుట్టం. కుసుమ మొక్కను నాలుగైదు రెట్లు పెద్దది చేసి, ముళ్ళు తగ్గించి, మొగ్గలో కండ పెంచితే దాదాపు ఇదే. అయితే కుసుమలా ఇది ఊరికే పూతకు రాదు. ముందు దానికి చలి తగలాలి. 50 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 10 సెల్సియస్ కన్నా తక్కువ వేడిమిలో రకాన్ని బట్టి 250 నుంచి 500 గంటలు గడిస్తే తప్ప మొగ్గ తొడగదు. చలి చాలకపోతే మొక్క ఆకులు మాత్రం బ్రహ్మాండంగా వేస్తుంది. మన మొహం చూసి నవ్వుతున్నట్టే ఉంటుంది.

చలి కావాలి కదా అని మంచు గడ్డకట్టే చోట వేస్తే వేరు చచ్చిపోతుంది. ఎండ బాగా కాసే చోట మొగ్గ గబగబా విచ్చుకుని రేకులు పీచుగా తయారవుతాయి. అటు మంచూ పనికిరాదు, ఇటు మండే ఎండా పనికిరాదు. ఇది అడిగే వాతావరణం అచ్చంగా దొరికే ఊరు మాకు గంటన్నర దూరంలో ఉంది. మాంటెరే తీరానికి దగ్గరగా ఉండే క్యాస్ట్రోవిల్. అక్కడ వేసవి మధ్యాహ్నం కూడా సముద్రపు పొగమంచు పుణ్యమా అని 70 ఫారెన్‌హీట్ దరిదాపుల్లోనే ఉంటుంది, చలికాలంలో గడ్డకట్టే రాత్రులు తక్కువ. 1922లో ఆండ్రూ మొలెరా అనే భూస్వామి చక్కెర దుంపలు పండే తన నేలను ఇటాలియన్ రైతులకు కౌలుకిచ్చి ఈ పంట వేయించాడు. ఇవాళ అమెరికాలో వ్యాపారానికి పండే ఆర్టిచోక్‌లు దాదాపు అన్నీ క్యాలిఫోర్నియావే, అందులో సింహభాగం ఆ చుట్టుపక్కలవే. 1948లో అక్కడ ఆర్టిచోక్ రాణి కిరీటం పెట్టుకున్న అమ్మాయి మార్లిన్ మన్రో. అప్పటికి ఆమె ఎవరికీ తెలియదు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, మీ పెరడు క్యాస్ట్రోవిల్‌కు ఎంత దగ్గరగా ఉందో చూసుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే. దగ్గరంటే మైళ్ళ లెక్కలో కాదు, వాతావరణంలో.

అసలు పెంచాలా?

దీని గురించి నిజాయితీగా మాట్లాడుకుందాం. ఒక్క మొక్క నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు నేలను ఆక్రమిస్తుంది. ఎత్తు కూడా దాదాపు మన ఛాతీ దాకా వస్తుంది. అదే 16 చదరపు అడుగుల్లో గోంగూర వేస్తే వేసవంతా వారానికోసారి పచ్చడి, పప్పు. బెండ వేస్తే ఇంటిల్లిపాదికీ సరిపడా వేపుడు. ఆర్టిచోక్ మొదటి ఏడాది మహా అయితే ఆరు నుంచి పది మొగ్గలిస్తుంది. మా ఊరి దుకాణాల్లో మార్చి నుంచి మే వరకు ఒక్కోటి రెండు మూడు డాలర్లకు దొరుకుతుంది. మీ ఇంట్లో ఏడాదికి నాలుగుసార్లు తింటే ఎక్కువ అనుకుంటే కొనుక్కోండి. అందులో తప్పేమీ లేదు.

పెంచితే ఒరిగేది వేరే. కోసిన గంటలో ఉడికించిన మొగ్గకీ, దుకాణంలో వారం నుంచి పడి ఉన్నదానికీ రుచిలో చాలా తేడా. దాంతోపాటు దుకాణంలో అంతగా దొరకని చిన్న మొగ్గలు వస్తాయి. వీటిని అక్కడ బేబీ ఆర్టిచోక్ అని అమ్ముతారు, చాలామంది అదో వేరే రకం అనుకుంటారు. కాదు. నడి కాడ చివర ఉన్నది పెద్ద మొగ్గ, దాని కింద పక్క కొమ్మలకు వచ్చేవి మధ్యరకం, ఇంకా కింద ఆకుల చాటున వచ్చేవి ఈ బుల్లివి. పెద్ద మొగ్గ లోపల ఉండే, గొంతుకు అడ్డుపడే నూగు వీటిలో ఉండదు కాబట్టి పై రేకులు తీసేసి నిలువుగా కోసి నూనెలో వేయిస్తే సరిపోతుంది. నేను మొక్క పెట్టింది పెద్ద మొగ్గ కోసం. ఉంచుకున్నది మాత్రం ఈ చిన్నవాటి కోసం.

ఒకవేళ మీ దగ్గర ఉన్నది రెండే రెండు రైజ్డ్ బెడ్‌లయితే (మట్టి పోసి ఎత్తు చేసిన మళ్ళు), వాటిలో మాత్రం వద్దు. వేసవిలో సొర, బీర, టమాటా వెయ్యాల్సిన సమయానికి ఇది ఎండిపోయి నిద్రపోతుంటుంది, కానీ వేరు మాత్రం చోటు ఖాళీ చెయ్యదు. అద్దె కట్టకుండా గది అట్టిపెట్టుకున్నట్టు. కంచె వారనో, మూలనో, ఇంటి ముందు పూలమొక్కల వరసలోనో పెట్టండి. వెండిరంగు ఆకులతో చూడ్డానికి బాగుంటుంది కాబట్టి ఇంటి ముందు పెట్టినా ఎవరూ కూరగాయ మొక్క అనుకోరు. హెచ్ఓఏ (కాలనీలో ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళ టెన్షన్ ఉన్నవాళ్ళకు ఇది పనికొచ్చే సంగతి.

ఏ ఊరికి ఏ పద్ధతి

శాన్ ఫ్రాన్సిస్కో, డేలీ సిటీ, శాంటా క్రూజ్ లాంటి తీరపు ఊళ్ళవాళ్ళకు పెద్దగా ఆలోచించే పని లేదు. ఏ రకమైనా వస్తుంది. ఒకసారి నాటితే నాలుగైదేళ్ళు అదే మొక్క కాస్తుంది.

మాలాగా శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో కాస్త లోపలికి ఉన్నవాళ్ళు, ఫ్రీమాంట్, మిల్పీటస్, శాన్ రామోన్ వైపు, అక్టోబరులో నాటడం మంచిది. చలికాలమంతా వానకు వేరూనుకుని, మార్చి ఆఖరు నుంచి మొగ్గలేస్తుంది. జూన్‌కల్లా ఆకులు పండిపోతాయి. అప్పుడు మొదలంటా నరికేసి, నీళ్ళు బాగా తగ్గించి వదిలేస్తే సెప్టెంబరులో మళ్ళీ పిలకలు వస్తాయి. మొదటిసారి మొక్క ఎండిపోవడం చూసి చచ్చిపోయిందనుకుని తవ్వి పారేశాను. అది నా మొదటి తప్పు. ఫాల్సమ్, శాక్రమెంటో వైపు ఇదే పద్ధతి, కానీ అక్కడ ఎండ ఇంకా ఎక్కువ కాబట్టి మధ్యాహ్నం తర్వాత నీడ పడే చోటు చూసుకోవాలి. మొదలు చుట్టూ ఎండుటాకులో చెక్కపొట్టో నాలుగంగుళాల మందాన పరవాలి.

డాలస్, ఆస్టిన్‌లలో దీన్ని శీతాకాలపు పంటగానే లెక్కేసుకోండి. అక్టోబరులో నారు పెట్టి ఏప్రిల్, మేలలో కోసుకోవాలి. పాతిక డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా కిందికి పడిపోయే రాత్రులు వచ్చినప్పుడు పాత దుప్పటి కప్పాలి. మా వదిన ఒక చలిరాత్రి కప్పడం మరిచిపోయింది. ఆకులన్నీ నల్లబడ్డాయి గానీ వేరు బతికే ఉంది. ఆ ఏడాది ఆలస్యంగా కాసింది, అంతే. జూన్ తర్వాత దాన్ని కాపాడుకోవడానికి తిప్పలు పడే బదులు తీసేసి బెండ వేసుకోమని నా సలహా.

న్యూజెర్సీ, షికాగో, మిషిగన్ వాళ్ళకు మొక్క చలికాలం దాటదు కాబట్టి ఏడాది పంటే దిక్కు. అయితే అక్కడో చిక్కుంది. మంచు పూర్తిగా పోయాక మేలో నాటితే చలి తగలదు, మొగ్గ రాదు. ముందే నాటితే మంచుకు పోతుంది. కాబట్టి జనవరి చివరో ఫిబ్రవరి మొదట్లోనో ఇంట్లో కిటికీ దగ్గర నారు పోసి, ఏప్రిల్‌లో రాత్రి వేడిమి 35, 50 ఫారెన్‌హీట్ మధ్య ఉండే రోజుల్లో పదిపన్నెండు రోజులు కుండీలతోనే బయట పెట్టాలి. గడ్డకట్టే రాత్రి గరాజ్‌లోకి తెచ్చుకోవాలి. ఈ పని ఓపిగ్గా చేసినవాళ్ళకు జులై, ఆగస్టుల్లో మొగ్గలొస్తాయి. చెయ్యనివాళ్ళకు అక్టోబరు దాకా ఆకులే. నా స్నేహితుడు రెండేళ్ళు ఆకులే పెంచాడు.

ఫ్లోరిడాలో చాలాచోట్ల చలి చాలదు. అక్కడి విశ్వవిద్యాలయం వాళ్ళు చలికి బదులు జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే హార్మోన్ పిచికారీ చేసి రైతులచేత పండిస్తున్నారు. ఇంటి పెరటికి అంత శ్రమ అనవసరం. ఆ చోటులో వంకాయలు వేసుకోండి.

గ్రీన్ గ్లోబ్, ఇంపీరియల్ స్టార్, ఊదారంగువి

ఇంటి తోటవాళ్ళకు దొరికేవాటిలో ప్రధానంగా ఎంచుకోవాల్సింది ఈ మూడింటి మధ్యే.

గ్రీన్ గ్లోబ్ పాత రకం. క్యాస్ట్రోవిల్ రైతులు తరతరాలుగా వేరు పిలకలతో పెంచుకొచ్చింది ఇదే. మొగ్గ పెద్దది, గుండ్రటిది, లోపలి కండ మందం. రుచిలో నా ఓటు దీనికే. కానీ రెండు లోపాలున్నాయి. చలి ఎక్కువ గంటలు అడుగుతుంది, కాబట్టి మొదటి ఏడాది కాయకపోవచ్చు. విత్తనంతో వేస్తే మొక్కలన్నీ ఒకేలా రావు. నేను ఆరు విత్తనాలు మొలిపిస్తే రెండు మొక్కలు ఒళ్ళంతా ముళ్ళతో, సన్నటి మొగ్గలతో వచ్చాయి. మామిడి టెంక పాతితే తల్లిచెట్టు కాయే రావాలని లేదు కదా, ఇదీ అంతే. దీన్ని మామూలుగా అంటుకట్టరు, పిలకే దారి.

ఇంపీరియల్ స్టార్‌ను క్యాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవాళ్ళు 1990ల మొదట్లో విడుదల చేశారు. విత్తనం నుంచే వేసి మొదటి ఏడాదే కోసుకోవాలన్న ఉద్దేశంతో తయారుచేసిన రకం. తక్కువ చలితో సరిపెట్టుకుంటుంది, విత్తనంతో వేసినా మొక్కలు దాదాపు ఒక్కలాగే వస్తాయి, ముళ్ళు తక్కువ. మొగ్గ గ్రీన్ గ్లోబ్ కన్నా కాస్త చిన్నది. రుచిలో తేడా ఉందని నేనంటాను, మా ఇంట్లో మిగతావాళ్ళు లేదంటారు. తీరంలో కాకుండా మరెక్కడున్నా, మొదటిసారి వేస్తున్నా, ఇక వెతకొద్దు, ఇదే తెచ్చుకోండి.

ఊదారంగు రకాల్లో వయోలెట్టో, రొమనెస్కో ఇటలీవి. కొలరాడో స్టార్ ఇంపీరియల్ స్టార్‌లా మొదటి ఏడాదే కాసేది. చూడ్డానికి చాలా బాగుంటాయి. ఉడికించాక ఆ రంగు చాలావరకు పోయి ఆకుపచ్చగా మారిపోతుంది, అది ముందే తెలుసుకోండి. వయోలెట్టో మొగ్గ కోలగా, చిన్నగా ఉంటుంది, లేతగా కోసి వేయించుకోవడానికి బాగుంటుంది. రొమనెస్కో గుండ్రటిది, రోమ్ వంటల్లో పేరున్నది. రెండో మొక్కకు చోటుంటే వీటి వైపు చూడండి, ఉన్న ఒక్క మొక్కగా మాత్రం వద్దు.

ఇంకో రెండు పేర్లు జాగ్రత్త. జెరూసలేం ఆర్టిచోక్ అని దుంపలు అమ్ముతారు. అది జెరూసలేందీ కాదు, ఆర్టిచోకూ కాదు, పొద్దుతిరుగుడు జాతి. ఒకసారి పాతితే నేలలో మిగిలిన ప్రతి ముక్కా మళ్ళీ మొలుస్తుంది. పైగా ఆ దుంపలు తిన్న రోజు కడుపులో గ్యాస్ వాయిద్యాలు వినిపిస్తాయి. రెండోది కార్డూన్. ఇది ఆర్టిచోక్‌కు తోబుట్టువు, దీని కాడలు తింటారు గానీ మొగ్గ చిన్నది, ముళ్ళది. చిన్న నారుగా ఉన్నప్పుడు రెండింటికీ తేడా తెలియదు. ఒక నర్సరీలో ఆర్టిచోక్ అన్న చీటీ చూసి కొన్న మొక్కను ఏడాది పెంచాక అది కార్డూన్ అని తేలింది. అది నా రెండో తప్పు, సగం నాది, సగం ఆ చీటీది. కార్డూన్ అడవి రూపం క్యాలిఫోర్నియా కొండల్లో కలుపుమొక్కగా పాకిపోయింది కాబట్టి, పొరపాటున వచ్చినా విత్తనం గాలికి ఎగరనివ్వకండి.

విత్తనమా, నారా, పిలకా

విత్తనం చవక. కానీ ఎనిమిది నుంచి పది వారాలు ఇంట్లో చూసుకోవాలి, నాసిగా వచ్చిన మొక్కలను తీసేసే ధైర్యం ఉండాలి. న్యూజెర్సీ లాంటి చోట్ల చలి లెక్క మన చేతిలో ఉండాలంటే ఇదే దారి, పైగా అక్కడ సరైన సమయానికి నారు దొరకదు. మాలాంటి ఊళ్ళవాళ్ళకు ఒకటో రెండో మొక్కల కోసం విత్తనాల ప్యాకెట్ దండగ. నర్సరీలో నాలుగంగుళాల కుండీలో నారు కొనుక్కోండి, కుండీ అడుగు నుంచి వేళ్ళు చుట్టలు తిరిగి బయటికి రానిది చూసి.

పిలక అన్నిటికన్నా నమ్మకమైనది. అరటి పిలక తీసినట్టే. నాలుగేళ్ళు దాటిన మొక్క చుట్టూ చాలా పిలకలుంటాయి, అవి ఒకదాన్నొకటి తొక్కుకుని మొగ్గ చిన్నదైపోతుంది. అక్టోబరులోనో ఫిబ్రవరిలోనో వేరు కాస్త ఉండేలా పదునైన పారతో వేరుచేసి నాటుకుంటే తల్లి గుణం అలాగే వస్తుంది. ఎవరింట్లోనైనా మంచి మొగ్గ తిన్నారా, ఆ ఇంటి పిలకే అడగండి. నా దగ్గర ఇప్పుడున్న గ్రీన్ గ్లోబ్ వీధి చివరి ఇటాలియన్ పెద్దాయన ఇచ్చింది. బదులుగా కరివేపాకు మొక్క ఇచ్చాను.

నేలలోనా, కుండీలోనా అంటే నేలలోనే. కుండీ తప్పదంటే 20 గ్యాలన్లకు తగ్గకూడదు, సగం కోసిన వైన్ పీపా అయితే ఇంకా మేలు. కుండీ మొక్క నీళ్ళ కోసం ఎండాకాలం మిమ్మల్ని ఊరు కదలనివ్వదు. కాపు నేలమీదదానిలో సగం ఉంటే గొప్ప. నేలలో అయితే బంకమట్టితో జాగ్రత్త. మా దగ్గరి నల్ల బంకమట్టిలో చలికాలం నీళ్ళు నిలిస్తే మొదలు కుళ్ళిపోతుంది. కంపోస్ట్ బాగా కలిపి, చుట్టూ ఉన్న నేల కన్నా ఆరంగుళాల ఎత్తు దిబ్బ చేసి నాటండి. మొగ్గలేసే కాలంలో నీళ్ళూ నత్రజనీ రెండూ దండిగా కావాలి, అప్పుడు ఎండగడితే మొగ్గ గట్టిపడుతుంది.

మూడో తప్పు గోఫర్. ఒక ఉదయం నాలుగడుగుల మొక్క పక్కకి ఒరిగి ఉంది. పట్టుకుంటే చేతికొచ్చేసింది, కింద వేరే లేదు. నేల కింద సొరంగాలు తవ్వే ఈ ఎలుకజాతి జంతువుకు ఆర్టిచోక్ వేరంటే విందుభోజనం. మీ వీధి పచ్చికలో మట్టి కుప్పలు కనిపిస్తున్నాయా, అయితే వేరు చుట్టూ ఇనుప వల బుట్ట పెట్టకుండా నాటకండి. మిగతా చీడలు చిన్న విషయాలు. పేనుబంకను పైపు నీళ్ళ ధారతో కడిగేయడమే, మొగ్గ రేకుల్లోకి దూరక ముందే. దూరాయా, కోశాక అరగంట ఉప్పునీళ్ళలో వెయ్యాలి. నత్తలను రాత్రి టార్చిలైటు పట్టుకుని ఏరడమే.

కోత, వంట

మొగ్గ గట్టిగా, రేకులు దగ్గరగా ఉన్నప్పుడే కోయాలి. నొక్కితే కిర్రుమనాలి. రేకులు విడుతున్నాయంటే రెండు రోజులు ఆలస్యమైనట్టే. రెండు మూడంగుళాల కాడతో కోయండి, తొక్క తీస్తే ఆ కాడా తినేదే. చలికాలపు మంచు తగిలి మొగ్గ మీద గోధుమరంగు పొక్కులొస్తే కంగారుపడకండి, రుచికేమీ కాదు.

వంట మనవాళ్ళకు కొత్తేమీ కాదు. అరటిపువ్వు వలిచే ఓపిక ఉంటే చాలు. అరటిపువ్వును మజ్జిగలో వేసినట్టే దీన్ని కోసిన వెంటనే నిమ్మరసం నీళ్ళలో వెయ్యాలి, లేకపోతే నల్లబడుతుంది. పెద్దదాన్ని ముప్పావుగంట ఆవిరి మీద ఉడికించి, ఒక్కో రేకూ తీసి మునక్కాడ తిన్నట్టు పళ్ళతో గీరుకోవడమే. లోపల గొంతుకు అడ్డుపడే నూగుంటుంది, చెంచాతో గీసి పారేసి కింది మెత్తటి భాగం తినాలి. ఆ భాగం ముక్కలు పెసరపప్పులో వేసి తాలింపు పెడితే మా ఇంట్లో గిన్నె ఖాళీ. తిన్నాక మంచినీళ్ళు తాగితే తియ్యగా ఉంటాయి, ఉసిరికాయ తిన్నాక తాగినట్టు. ఆ తీపి అందరి నాలుకకూ తెలియదు గానీ, పిల్లలు ఈ కూర ముట్టుకోవడానికి మా ఇంట్లో ఆ తీపి నీళ్ళే కారణం.

హైదరాబాద్ మిద్దె మీద పెంచొచ్చా అని మా అమ్మ ఫోన్‌లో అడుగుతుంటుంది. అక్కడ 10 సెల్సియస్ కన్నా తక్కువ రాత్రులు ఏడాదికి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఆ వెంటనే మార్చి ఎండలు. లంబసింగి, అరకు చలిలో ఉన్నవాళ్ళయితే ఇంపీరియల్ స్టార్ నారు అక్టోబరులో పెట్టి చూడొచ్చు. అమ్మకు మాత్రం కుసుమలు చల్లుకోమని చెప్పాను. లేత ఆకు కూరకు పనికొస్తుంది, పువ్వు అందంగా ఉంటుంది, చలి అడగదు.